లైన్‌లో చిన్న గరగర: పట్టించుకోవాలా, వదిలేయాలా? టెలిగ్రాఫ్ చరిత్ర చెప్పే జవాబు

ఈ వర్షాకాలంలో మా ఇంటి బ్రాడ్‌బ్యాండ్ లైన్‌లో సన్నటి గరగర మొదలైంది. ఫోన్ ఎత్తితే వినిపిస్తుంది. నెట్ మాత్రం నడుస్తూనే ఉంది, ఎప్పుడో ఒకసారి తెగి మళ్లీ కలుస్తుంది. ఫిర్యాదు చేయాలా, చదువుకునే సమయం దానికి పెట్టడం దండగా? అదే వారం ఆధునిక భారత చరిత్రలో డల్హౌసీ సంస్కరణలు రివిజన్ చేస్తున్నాను. సరిగ్గా ఇదే ప్రశ్న 170 ఏళ్ల కిందటే ఈ దేశంలో తలెత్తిందని అప్పుడు అర్థమైంది.

1. వదిలేయడం తెలివైన సందర్భం: ఓషానెస్సీ ఇనుప కడ్డీ

విలియం ఓషానెస్సీ వృత్తిరీత్యా వైద్యుడు, కలకత్తా మెడికల్ కాలేజీలో కెమిస్ట్రీ ప్రొఫెసర్. 1839లోనే కలకత్తా దగ్గర టెలిగ్రాఫ్ ప్రయోగాలు చేశాడు. డల్హౌసీ మద్దతుతో 1851లో కలకత్తా–డైమండ్ హార్బర్ లైన్ పనిలోకి వచ్చింది. 1854 మార్చికి లైన్ ఆగ్రా చేరింది. 1855లో టెలిగ్రాఫ్‌ను ప్రజలకు తెరిచారు.

ఐరోపాలో అప్పటి పద్ధతి సన్నని తీగ, దాన్ని స్తంభం నుంచి వేరుచేసే ఇన్సులేటర్లు. బెంగాల్ వానల్లో తడిసిన ప్రతి స్తంభం దగ్గరా కొంత కరెంటు నేలలోకి కారిపోతుంది. పైగా తీగ మీద కోతులు వేలాడతాయి, గద్దలు వాలతాయి. ఓషానెస్సీ ప్రతి లీకునూ మూయడానికి ప్రయత్నించలేదు. తొలి లైన్‌లో వెదురు స్తంభాల మీద లావాటి ఇనుప కడ్డీని ఇన్సులేషన్ లేకుండానే వేయించాడు. కడ్డీ లావుగా ఉంటే నిరోధం తక్కువ. దారిలో కొంత కారినా అవతలి చివర సూది కదిలేంత కరెంటు మిగులుతుంది.

ఇంజినీరింగ్ భాషలో దీన్నే మార్జిన్ అంటాం. లోపం ఉంది, కానీ దాన్ని భరించే మిగులు కూడా ఉంది. అలాంటప్పుడు లోపం వెంట పరుగెత్తనక్కర్లేదు. 1857 నాటికి కంపెనీ ప్రభుత్వం చేతిలో పనిచేసే నెట్‌వర్క్ ఉండటానికి ఈ సర్దుబాటు ధోరణి కూడా ఒక కారణం.

2. వదిలేసి మునిగిన సందర్భం: ఎర్ర సముద్రం కేబుల్

1857 తిరుగుబాటు తర్వాత లండన్‌కు భారత్‌తో నేరుగా తంతి సంబంధం అత్యవసరమైంది. 1859–60లో సూయజ్ నుంచి ఏడెన్ మీదుగా కరాచీ వరకు సముద్రంలో కేబుల్ వేశారు. తొందరలో పరీక్షలు సరిగా చేయలేదు. ఎగుడుదిగుడు సముద్రగర్భం మీద కేబుల్‌ను బిగుతుగా పరిచారు. ఒక భాగం తర్వాత ఒకటి పాడై, కొద్ది నెలల్లోనే మొత్తం మూగబోయింది.

అసలు దెబ్బ ఖజానాకు తగిలింది. బ్రిటిష్ ప్రభుత్వం ఆ కంపెనీకి 50 ఏళ్లపాటు 4.5 శాతం రాబడికి హామీ ఇచ్చింది. కేబుల్ పనిచేసి తీరాలన్న షరతు అందులో లేదు. పనిచేయని కేబుల్‌కు డబ్బు కడుతూ పోవాల్సి వచ్చింది. మన రైల్వేల గ్యారంటీ విధానాన్ని చదివినవారికి ఇది కొత్త కథ కాదు.

స్తంభం మీది లీకు కంటికి కనిపిస్తుంది, మనిషిని ఎక్కించి బాగుచేయవచ్చు. సముద్రం అడుగున అది కుదరదు. అందుకే మొదటి పాఠం ఇక్కడ యథాతథంగా పనికిరాదు. చిన్న లోపాన్ని వదిలేయాలంటే అది పెరగడం లేదని తెలియాలి. కొలవకపోతే తెలియదు.

3. కొలిచి నిర్ణయించడం: పర్షియన్ గల్ఫ్ కేబుల్

ఈ వైఫల్యాల మీద విచారణకు వేసిన సంయుక్త కమిటీ 1861లో నివేదిక ఇచ్చింది. కేబుల్ తయారయ్యేటప్పుడే ప్రతి దశలో విద్యుత్ పరీక్షలు జరగాలన్న ఆలోచన బలపడింది. 1864లో పర్షియన్ గల్ఫ్‌లో వేసిన కేబుల్‌ను అలాగే పరీక్షించారు. అది నిలిచింది. 1865లో ఒట్టోమన్ భూభాగపు లైన్ల ద్వారా భారత్ ఐరోపాతో కలిసింది.

అయినా సందేశాలు ఆలస్యంగా, తప్పులతో వచ్చేవి. కేబుల్‌లో లోపం లేదు. దారిలో ఇంగ్లీషు రాని గుమాస్తాలు సందేశాన్ని చేత్తో తిరిగి పంపేటప్పుడు అక్షరాలు మారిపోయేవి. కాబట్టి మంచి కేబుల్‌ను ఇంకా మంచిది చేసి లాభం లేదు. 1870లో సీమెన్స్ వేసిన లండన్–టెహ్రాన్ లైన్, బొంబాయి–సూయజ్ సముద్ర కేబుల్ వచ్చి ఆ మార్గాన్నే తప్పించాయి.

మళ్లీ మా ఇంటి లైన్ దగ్గరకు

ఈ మూడు కథల నుంచి మూడు ప్రశ్నలు తీసుకున్నాను. మిగులు ఎంత ఉంది? లోపం పెరుగుతోందా? అది నిజంగా లైన్‌లోనే ఉందా?

మూడోది ముందు తేల్చాను. వైఫై తీసేసి కేబుల్‌తో మోడెమ్‌కు కలిపాను, ఫోన్ స్ప్లిటర్ మార్చాను. గరగర పోలేదు, అంటే లోపం లైన్‌లోనే ఉంది. రాగి తీగ మీద నడిచే డీఎస్ఎల్ మోడెమ్ పేజీలో ఎస్ఎన్ఆర్ మార్జిన్ అని డెసిబెల్స్‌లో ఒక అంకె ఉంటుంది. సాధారణంగా 6 దగ్గర పెట్టుకుని మోడెమ్ వేగాన్ని నిర్ణయిస్తుంది. అంతకంటే బాగా తగ్గితే లైన్ తెగుతుంది. మా లైన్‌లో పొడి రోజు 12 ఉంది, వానలో 9. ఆరాక మళ్లీ 12. ఓషానెస్సీ కడ్డీ లాంటిదే అనుకుని వదిలేశాను. రెండో పెద్ద వానకు 7కు పడింది, ఆరాక 10 దగ్గరే ఆగింది. అంటే తిరిగి కోలుకోవడం లేదు. అప్పుడు రెండు వానల అంకెలూ రాసి ఫిర్యాదు చేశాను. లైన్‌మన్ వచ్చి గోడ బయటి జాయింట్ విప్పితే రాగి ఆకుపచ్చగా మారి ఉంది. పావుగంట పని. ఇప్పుడు వానలోనూ 11 కింద పడటం లేదు.

మొదటి రోజే పరుగెత్తి ఉంటే చూపించడానికి నా దగ్గర అంకెలు ఉండేవి కావు. అసలు పట్టించుకోకపోతే ఆన్‌లైన్ మాక్ టెస్ట్ మధ్యలో లైన్ తెగేది.

పరీక్ష కోణం

ప్రిలిమ్స్‌కు: 2004 బ్రాడ్‌బ్యాండ్ విధానంలో కనీస డౌన్‌లోడ్ వేగం 256 కేబీపీఎస్, 2013లో 512 కేబీపీఎస్, 2023లో 2 ఎంబీపీఎస్. ఈ నిర్వచనాల్లో అంకెగా చెప్పింది వేగాన్నే. తెగకుండా ఉండటం కూడా సేవలో భాగమేనని జవాబులో ఒక వాక్యం రాస్తే విలువ పెరుగుతుంది.

సాధన ప్రశ్న: భారతదేశంలో టెలిగ్రాఫ్ విస్తరణకు వలస ప్రభుత్వ అవసరాలు ఎంత కారణం, స్థానిక పరిస్థితులకు తగిన సాంకేతిక సర్దుబాట్లు ఎంత కారణం? చర్చించండి. (250 పదాలు)