చర్చ్ కమిటీ

అమెరికా గూఢచార సంస్థల అక్రమాలపై విచారణకు ఆ దేశ సెనేట్ 1975 జనవరి 27న నియమించిన 11 మంది సభ్యుల ప్రత్యేక సంఘం. అధ్యక్షుడైన ఐడహో సెనేటర్ ఫ్రాంక్ చర్చ్ పేరుతో ప్రసిద్ధమైంది.

నేపథ్యం: సీఐఏ చట్టవిరుద్ధంగా స్వదేశీయులపైనే నిఘా పెట్టిందని పాత్రికేయుడు సేమోర్ హెర్ష్ 1974 డిసెంబరు 22న న్యూయార్క్ టైమ్స్‌లో వెల్లడించారు. ఆ కథనం రేపిన సంచలనమే విచారణకు దారితీసింది.

వెలుగుచూసినవి: క్యూబా నేత ఫిడెల్ కాస్ట్రో, కాంగో నేత పాట్రిస్ లుముంబాల హత్యకు సీఐఏ పన్నాగాలు పన్నింది; పౌరుల ఉత్తరాలను రహస్యంగా విప్పి చదివింది. పౌరహక్కుల నేత మార్టిన్ లూథర్ కింగ్‌ను అప్రతిష్ఠపాలు చేయడానికి ఎఫ్‌బీఐ ఆయనను వెంటాడింది. అంతర్జాతీయ టెలిగ్రాముల ప్రతులను కంపెనీల నుంచి జాతీయ భద్రతా సంస్థ (ఎన్‌ఎస్‌ఏ) ఏళ్ల తరబడి సేకరించింది. ఈ తప్పిదాలు ఒకే పార్టీ ప్రభుత్వానికి పరిమితం కాలేదు.

ఫలితాలు: రాజకీయ హత్యలను నిషేధిస్తూ 1976 ఫిబ్రవరిలో అధ్యక్షుడు ఫోర్డ్ ఉత్తర్వు జారీచేశారు. అదే ఏడాది సెనేట్‌లో, 1977లో ప్రతినిధుల సభలో శాశ్వత పర్యవేక్షక సంఘాలు ఏర్పడ్డాయి. విదేశీ గూఢచర్య నిఘాకు ప్రత్యేక న్యాయస్థానం అనుమతి పొందాలని 1978 చట్టం నిర్దేశించింది.

ప్రాముఖ్యం: పత్రిక ప్రశ్నిస్తే, చట్టసభ పత్రాలు తెప్పించి, ప్రమాణం చేయించి సాక్ష్యం రాబట్టింది. రహస్యాధికారం ప్రజలకు జవాబుదారీగా ఉండాలంటే ఈ రెండూ తప్పనిసరి.