లంబసింగి రోడ్డు ఎవరు వేశారు?

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మేము యలమంచిలిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. రూములో నలుగురం. నలుగురి ఇళ్లలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. సెలవులిస్తే నర్సీపట్నం వెళ్లి అక్కడ చింతపల్లి బస్సెక్కుతాం. చలికాలంలో ఆ దారంతా లంబసింగి మంచు చూడ్డానికి వచ్చేవాళ్లే. ఫోటోలు దిగుతారు, పోతారు. ఆ ఘాటీ ఎవరి రెక్కల కష్టమో ఎవరూ అడగరు. నిజం చెప్పాలంటే మొన్నటిదాకా మేమూ అడగలేదు.

డిసెంబరు 10 మానవ హక్కుల దినం. కాలేజీలో మాట్లాడాలని 1948 నాటి ఐక్యరాజ్యసమితి ప్రకటన తీసి చదివాం. అందులో 30 అధికరణాలున్నాయి. ఎవరినీ బానిసగా ఉంచరాదని 4వది చెబుతుంది. పనికి న్యాయమైన కూలి ఇవ్వాలని 23వది చెబుతుంది. ఇవి చదువుతుంటే మా తాతలు చెప్పే 'వెట్టి' మాట గుర్తొచ్చింది. ప్రపంచం ఆ ప్రకటన రాయడానికి 26 ఏళ్ల ముందే మన కొండల్లో వాళ్లు ఈ రెండు విషయాల మీదే తిరగబడ్డారు.

1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడు నేరమైంది. తాతల నాటి అడవిలో పుల్ల విరిచినా జరిమానా. దాని మీద నర్సీపట్నం నుంచి లంబసింగికి రోడ్డు పని పడింది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యం జనాన్ని వెట్టికి దింపాడు. సరైన కూలి లేదు, ఎదురు చెబితే దెబ్బలు. ఆ కడుపుమంటే 1922లో రాజుకుంది. ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను, ఆ వెంటనే కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద దాడులు జరిగాయి. ఆయుధాలు పట్టుకుపోయారు.

అల్లూరి సీతారామరాజు గారి పేరు అందరికీ తెలుసు. 1924 మే 7న ఆయన్ని కాల్చి చంపారు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. కానీ ఆయన పక్కన నిలబడిన గాం గంటందొర, గాం మల్లుదొర పేర్లు మనలో ఎందరికి తెలుసు? గంటందొర ఆ పోరాటంలోనే ప్రాణం ఇచ్చాడు. మల్లుదొర ఏళ్లకేళ్లు జైల్లో మగ్గి, బయటికొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. తిరుగుబాటుదారుడన్న మనిషి చట్టాలు చేసే సభలో కూర్చున్నాడు. ఈ ఒక్క సంగతి స్కూల్లో చెప్పుంటే మేము తలెత్తుకుని తిరిగేవాళ్లం.

తర్వాతి పోరాటం కోర్టుల్లో నడిచింది. ఏజెన్సీలో ఆదివాసీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1959లో నిబంధన వచ్చింది. 1970లో దాన్ని గట్టి చేశారు. మనం 'వన్ ఆఫ్ సెవెంటీ' అనేది దాన్నే. అయినా అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో ప్రైవేటు గనులకు లీజులిచ్చారు. సమతా సంస్థ సుప్రీంకోర్టుకెళ్లింది. 1997 జులై 11న తీర్పు వచ్చింది. ఆ నిబంధనలో 'వ్యక్తి' అంటే ప్రభుత్వం కూడా, కాబట్టి షెడ్యూల్డ్ ప్రాంతంలో సర్కారు భూమినైనా గిరిజనేతర కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదు అని కోర్టు చెప్పింది.

సరిగ్గా 5 నెలలకు, డిసెంబరు 11న, కెనడా సుప్రీంకోర్టు డెల్గముక్ తీర్పు ఇచ్చింది. అక్కడి ఆదివాసీల దగ్గర పట్టాల్లేవు, పెద్దలు నోటితో చెప్పే చరిత్ర మాత్రమే ఉంది. దాన్ని కూడా సాక్ష్యంగా చూడాల్సిందేనని కోర్టు అంది. ఎక్కడి కెనడా, ఎక్కడి మన్యం! అడిగింది మాత్రం ఒకటే.

ఇప్పుడు మా గోడు. మా రూమ్మేటుది షెడ్యూల్డ్ ఏరియా గీతకి ఇవతల ఉన్న ఊరు. గొలుగొండ, నాతవరం, రోలుగుంట, రావికమతం మండలాల కొండవార ఊళ్ల సంగతి మీకు తెలుసు. మనిషి అదే, భాష అదే, కొండ కూడా అదే. గీత ఇవతల ఉన్నందుకు వన్ ఆఫ్ సెవెంటీ వర్తించదు. వాళ్ల నాన్న పోడు పట్టాకి దరఖాస్తు పెడితే ఆధారం లేదని తిప్పి పంపారు.

ఆ రాత్రి చట్టం ముందేసుకుని కూర్చున్నాం. 2006 అటవీ హక్కుల చట్టానికి ఈ గీతతో పని లేదు. 2005 డిసెంబరు 13కి ముందు నుంచి సాగులో ఉండాలి. క్లెయిము మొదట చూడాల్సింది గ్రామసభ. ఊరి పెద్దలు చెప్పింది రాయించుకుంటే అదీ ఒక ఆధారమే. పాత బావి, గట్లు, శ్మశానం, మనం మొక్కే చోటు కూడా ఆధారాలే. చదివి వాడు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మా తాతకి ఎనభై దాటాయిరా" అన్నాడు.

అందుకే ఈ పోస్టు. సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు తాత, అవ్వ దగ్గర కూర్చోండి. ఏ కొండ ఎవరు కొట్టారు, బావి ఎవరు తవ్వారు, వెట్టికి ఎవర్ని పట్టుకెళ్లారు, అడిగి తెల్లకాగితం మీద రాయండి. పెద్దల పేరు, ఊరు, తేదీ వేసి వేలిముద్రో సంతకమో తీసుకోండి. ఆ కాగితం గ్రామసభ ముందు పెట్టండి. మేము వాళ్ల తాతగారితోనే మొదలుపెడుతున్నాం. ఆయన ఉండగానే రాయాలి.