ప్రయోగానికి ముందు చెంగాళమ్మ దర్శనం: దైనందిన జీవితాన్ని సమాజశాస్త్రం పరిశీలించే తీరు

చంద్రయాన్-3 ప్రయోగానికి ఒక్కరోజు ముందు, 2023 జులై 13న, అప్పటి ఇస్రో ఛైర్మన్ ఎస్.సోమనాథ్ శ్రీహరికోట ప్రయోగకేంద్రానికి దగ్గర్లో ఉన్న సూళ్లూరుపేటలోని చెంగాళమ్మ గుడికి వెళ్లి పూజ చేశారు. ఆదిత్య-ఎల్1 ప్రయోగానికి ముందు అదే ఏడాది సెప్టెంబరు 1న మళ్లీ వచ్చారు. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా, శాస్త్రవేత్తకు గుడితో పనేమిటని కొందరు, నమ్మితే తప్పేమిటని కొందరు వాదించుకుంటారు. సమాజశాస్త్రం ఈ తగువులో తీర్పు చెప్పదు. ఈ పని ఎవరు, ఎప్పుడు, ఎవరి ఎదుట చేస్తున్నారు, దానివల్ల ఎవరి మధ్య ఏ బంధం ఏర్పడుతోంది అని అడుగుతుంది.

ఈ శాస్త్రానికి 19వ శతాబ్దిలో పేరు పెట్టినవాడు ఫ్రెంచి తత్వవేత్త ఆగస్ట్ కామ్టే. మన దేశంలో 1919లో బొంబాయి విశ్వవిద్యాలయం దీనికో విభాగాన్ని నెలకొల్పింది. తెలుగు నేల మీద ఎస్.సి.దూబే హైదరాబాదు దగ్గరి శామీర్‌పేటను అధ్యయనం చేసి 1955లో ‘ఇండియన్ విలేజ్’ ప్రచురించారు. కులాలు, కుటుంబాలు, పండగలు, ఇరుగుపొరుగు వ్యవహారాలే అందులో ఆధారాలు.

అదే చూపుతో సూళ్లూరుపేటను చూద్దాం.

మొదటి వివరణ మానవశాస్త్రవేత్త మలినోవ్‌స్కీది. ట్రోబ్రియాండ్ దీవుల జాలరులు ప్రమాదం లేని లోపలి నీళ్లలో మంత్రతంత్రాల జోలికి పోరనీ, నడిసముద్రంలో వేటకు మాత్రం పెద్ద తంతు జరుపుతారనీ ఆయన 1925లో రాశారు. నైపుణ్యానికి అందని అనిశ్చితి ఉన్నచోట తంతు మనిషికి ధైర్యమిస్తుందన్నది ఆయన వాదం. రాకెట్ ప్రయోగంలోనూ ఆ అనిశ్చితి ఉంది. శ్రీహరికోట నుంచి 1979 ఆగస్టు 10న వెళ్లిన తొలి ఎస్‌ఎల్‌వి-3 విఫలమైంది. మరుసటి ఏడాది జులై 18న విజయం దక్కింది.

కానీ ధైర్యమే కావాలంటే ఏ గుడైనా సరిపోతుంది. చెంగాళమ్మే ఎందుకు? ఇక్కడ ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త డర్కైమ్ అక్కరకొస్తాడు. ఆరాధనలో సమూహం తన ఐక్యతను తానే చాటుకుంటుందని ఆయన 1912లో ప్రతిపాదించాడు. చెంగాళమ్మ ఈ ఊరి గ్రామదేవత. ఇస్రో ఉద్యోగుల కాలనీలూ ఈ ఊళ్లో ఉన్నాయి. ఎక్కడెక్కడి నుంచో బదిలీ మీద వచ్చిన ఇంజినీరు ఊరి దేవత ముందు నిలబడటం ఊరితో చుట్టరికం కలుపుకోవడం కూడా. అధినేత రావడంతో ఆ చుట్టరికం సంస్థకూ ఊరికీ మధ్య కుదిరినట్టవుతుంది.

అయితే ఆ చుట్టరికంలో అందరికీ ఒకే చోటు లేదు. శ్రీహరికోట దీవిలో తరతరాలుగా అడవినీ నీటినీ నమ్ముకొని బతికినవారు యానాదులు. 1969లో దీవిని ప్రయోగకేంద్రానికి ఎంపిక చేశారు. 1971లో అక్కడి నుంచి తొలి సౌండింగ్ రాకెట్ (పరిశోధనకు వాడే చిన్న రాకెట్) ఎగిరింది. యానాదుల బతుకుతెరువు, నివాసాలు ఆ మార్పుతో తలకిందులయ్యాయి. వ్యక్తి కష్టాన్ని చరిత్రతో కలిపి చదవమని 1959లో సమాజశాస్త్రవేత్త సి.రైట్ మిల్స్ కోరింది ఇలాంటి సందర్భాలకే. నిర్వాసిత కుటుంబపు పేదరికం ఆ ఇంటివాళ్ల చేతగానితనం కాదు. అభివృద్ధి ఖర్చును ఎవరి మీద మోపారన్న ప్రశ్న అది.

కాబట్టి ఇక్కడ పరిశోధించేవారు గుడి దగ్గరే ఆగకూడదు. ప్రయోగం రోజున దుకాణాల్లో, రైల్వేస్టేషన్‌లో, ఉద్యోగుల కాలనీల్లో, యానాదుల పేటల్లో ఎవరు ఏం చేస్తున్నారో పక్కపక్కన నమోదు చేయాలి. ఆ రోజు ఎవరికి పండగ, ఎవరికి గిరాకీ, ఎవరికి మామూలు పనిదినం అన్నది ఆ నమోదులోనే తేలుతుంది.