డికాషన్ దిగేలోపు కాస్త చరిత్ర

హైదరాబాద్ అనగానే అందరికీ ఇరానీ చాయ్ గుర్తొస్తుంది. కానీ మన బొల్లారం, తిరుమలగిరి వైపు పాత ఇళ్లలో కాఫీ ఫిల్టర్‌కి కూడా ఒక చోటుంది. కారణం కంటోన్మెంట్. 1806లో సికిందర్ జా పేరు మీద సికింద్రాబాద్ ఏర్పడింది. బొల్లారంలో హైదరాబాద్ కాంటింజెంట్ సైన్యం ఉండేది. ఇప్పుడు మనం పిల్లల్ని తీసుకెళ్లి చూపించే రాష్ట్రపతి నిలయం 1860లో కట్టిన భవనమే. ఈ దండు వెంట మద్రాసు వైపు నుంచి సిపాయిలు, గుమాస్తాలు, వ్యాపారులు కుటుంబాలతో వచ్చి స్థిరపడ్డారు. తర్వాతి రోజుల్లో దక్షిణాది ఇళ్లలోకి కాఫీ వచ్చినప్పుడు ఈ ఇళ్లకూ చేరింది.

కాఫీతో పాటు ఒక వరస కూడా వచ్చింది. చిక్కటి మొదటి డికాషన్ మావగారికి, చుట్టాలకి, ఆఫీసుకెళ్లేవాళ్లకి. అదే పొడి మీద మళ్లీ వేణ్ణీళ్లు పోస్తే దిగే పల్చటి రెండో డికాషన్ మాత్రం ఆఖర్న తాగే ఆడవాళ్లకి. ఎవరూ రాసిపెట్టలేదు గానీ చాలా ఇళ్లలో ఇదే రివాజు.

ఇప్పుడు పోర్ ఓవర్ అని పిలుస్తున్న పద్ధతిని మొదలుపెట్టింది కూడా ఒక గృహిణే అని తెలుసా? జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఉండే మెలిట్టా బెంట్జ్. కప్పు అడుగున మడ్డి, నోట్లో చేదు ఆవిడకి నచ్చలేదు. ఒక ఇత్తడి గిన్నె అడుగున మేకుతో చిల్లులు పొడిచి, కొడుకు నోటుబుక్కులోని సిరా అద్దే కాగితం పరిచి, పైన కాఫీ పొడి వేసి వేణ్ణీళ్లు పోసింది. తేటగా దిగింది. 1908లో దాన్ని తన పేరున రిజిస్టర్ చేయించుకుని, ఆ ఏడాదే కంపెనీ పెట్టింది. భర్త, కొడుకులు ఆవిడ దగ్గర పనిచేశారు. తన కప్పు బాగుండాలని మొదలైన పని అది.

మన ఫిల్టర్‌దీ అదే సూత్రం: నీళ్లు తమ బరువుతో పొడిలోంచి దిగడం. మన రేకు చిల్లుల్లోంచి కాఫీ నూనెలు, సన్నటి నలుసులు కూడా దిగుతాయి కాబట్టి డికాషన్ చిక్కగా ఉండి పాలకి తట్టుకుంటుంది. కాగితం వాటిని ఆపేస్తుంది. అందుకే ఆ కాఫీ తేటగా, పాలు లేకుండా తాగేలా ఉంటుంది.

చేసుకోవాలంటే చికోరీ కలపని పొడి తీసుకోండి. చికోరీ నీళ్లు పీల్చి ఉబ్బి కాగితాన్ని మూసేస్తుంది. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన మన అరకు అరబికా దీనికి బాగా నప్పుతుంది. ఫిల్టర్ పొడి కంటే కాస్త బరకగా, సన్న రవ్వలా ఆడించమనండి. ముందు కాగితాన్ని వేణ్ణీళ్లతో తడిపి ఆ నీళ్లు పారబోస్తే కాగితం వాసన పోతుంది. 15 గ్రాముల పొడికి 240 మిల్లీలీటర్ల నీళ్లు. నీళ్లు మరిగాక అర నిమిషం ఆగండి. మొదట పొడి తడిసేంత, రెండు మూడు చెంచాల నీళ్లు పోసి 40 సెకన్లు వదిలేయండి. పొడి పొంగుతుంది, లోపలి గాలి బయటికి పోతేనే నీళ్లు అంతటా సమంగా దిగుతాయి. తర్వాత మూతి ఉన్న చిన్న పాత్రతో మధ్యనుంచి గుండ్రంగా, సన్నటి ధారగా పోయండి. మొత్తం మూడు నిమిషాలకి అటూ ఇటూగా పూర్తవ్వాలి. చేదుగా ఉంటే పొడి ఇంకా బరకగా, పుల్లగా పలచగా ఉంటే ఇంకొంచెం మెత్తగా ఆడించండి.

ఈ పద్ధతిలో రెండో డికాషన్ అనేది లేదు. ఒకసారి దిగాక ఆ పొడిలో సారం మిగలదు, తీసి తులసి కుండీలో వేసేయడమే. అంటే తాగే ప్రతి మనిషికీ కొత్త పొడి వెయ్యాల్సిందే, చేసినావిడతో సహా. పొద్దున అందరికీ ఇత్తడి ఫిల్టర్ పెట్టండి, తప్పేం లేదు. వాళ్లంతా వెళ్లాక ఆ 15 గ్రాముల పొడి మాత్రం మీ కోసం కొలవండి.