రాయవేలూరు నుంచి తిరుపతి దాకా: మన ప్రాంతంలో మూత్రపిండ వైద్యం నడిచిన దారి

మూత్రపిండాల జబ్బు అనగానే చిత్తూరు ప్రాంతపు పెద్దలకు మొదట గుర్తుకు వచ్చే ఊరు రాయవేలూరు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే వరకు ఆ రెండు పట్టణాలూ ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివే. వాటి మధ్య దూరం నలభై కిలోమీటర్ల లోపే. తరువాత రాష్ట్రాల సరిహద్దు మధ్యకు వచ్చినా రోగుల ప్రయాణం ఆగలేదు. 1900లో ఐడా స్కడ్డర్ ప్రారంభించిన చిన్న వైద్యశాల, మనవారు సీఎంసీ అని పిలుచుకునే పెద్దాసుపత్రిగా ఎదిగింది. మన దేశంలో డయాలసిస్‌ను మొదట చేపట్టిన ఆసుపత్రులలో అది ఒకటి. 1971లో భారతదేశపు తొలి విజయవంతమైన మూత్రపిండ మార్పిడి జరిగిందీ అక్కడే.

డయాలసిస్ యంత్రం పుట్టుక విచిత్రమైనది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, జర్మన్ల ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో, 1943లో విలెం కోల్ఫ్ అనే వైద్యుడు సెల్లోఫేన్ గొట్టాన్ని పీపా వంటి చట్రానికి చుట్టి, దానిలో రోగి రక్తాన్ని ప్రవహింపజేశాడు. అయితే చికిత్స చేసిన ప్రతిసారీ ఒక రక్తనాళం దెబ్బతినేది. అందువల్ల ఏళ్ల తరబడి డయాలసిస్ చేయడం సాధ్యమయ్యేది కాదు. 1960లో అమెరికాలోని సియాటిల్‌లో స్క్రిబ్నర్, చేతికి శాశ్వతంగా అమర్చే గొట్టాన్ని రూపొందించిన తరువాతే ఆ ఆటంకం తొలగింది.

తొలినాళ్ల డయాలసిస్ ప్రధానంగా ఎవరికి ఉపయోగపడిందో తెలిస్తే, ఈ జబ్బులోని రెండు రకాల మధ్య తేడా మీకు సులభంగా బోధపడుతుంది. మన వేరుశనగ చేలలో రక్తపింజర కాటు కొత్తేమీ కాదు. ఆ విషం రక్తం గడ్డకట్టే గుణాన్ని చెడగొట్టి, ఒకటి రెండు రోజులలోనే మూత్రం బంద్ అయ్యేలా చేయగలదు. అటువంటి రోగికి విషానికి విరుగుడు మందు ఇచ్చి, కొన్ని వారాలు యంత్రంతో నెట్టుకొస్తే, చాలామందిలో మూత్రపిండాలు తిరిగి కోలుకుంటాయి. ఇది హఠాత్తుగా వచ్చే వైఫల్యం. మధుమేహం, రక్తపోటు వల్ల ఏళ్ల తరబడి సాగే దెబ్బ అటువంటిది కాదు. ఒక్కొక్క మూత్రపిండంలో సుమారు 10 లక్షల వడపోత గుత్తులు ఉంటాయి. అవి ఒక్కొక్కటే నశిస్తుంటే మిగిలినవి అదనపు భారాన్ని మోస్తాయి. నశించినవి తిరిగి పుట్టవు. ఈ రోగికి యంత్రం వారాల ముచ్చట కాదు. మార్పిడి జరిగితే తప్ప, జీవితకాలపు బంధం.

ఆ బంధానికి దూరమే పెద్ద శత్రువు. వారానికి మూడుసార్లు, ప్రతిసారీ నాలుగు గంటలు చేయవలసిన చికిత్స కోసం సామాన్య రైతు ఎంత దూరం పోగలడు? తిరుపతిలో 1960 నుంచే వైద్య కళాశాల ఉన్నా, ఈ ఖరీదైన ప్రత్యేక చికిత్సల కోసం వేరే సంస్థ కావలసి వచ్చింది. 1986లో నాటి ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు శంకుస్థాపన చేయగా, తిరుమల తిరుపతి దేవస్థానం అండతో శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ 1993లో రోగులకు అందుబాటులోకి వచ్చింది. 1995లో విశ్వవిద్యాలయ ప్రతిపత్తి పొందింది. స్విమ్స్ అంటే మీకందరికీ తెలిసినదే. అయినా మదనపల్లె రోగికి తిరుపతి వందకు పైగా కిలోమీటర్లు. వారానికి మూడు రాకపోకలు లెక్కవేసి చూడండి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ చికిత్స ఖర్చును చాలావరకు తగ్గించింది గానీ, బస్సు ప్రయాణాన్నీ పోగొట్టుకున్న కూలిరోజునూ తగ్గించలేకపోయింది. ఆ తరువాత చిన్న పట్టణాలకూ డయాలసిస్ కేంద్రాలు రావడమే నిజమైన ఊరట.

స్విమ్స్ తలుపులు తెరిచిన ఆ 1993లోనే మరొక సంగతి జరిగింది. దానిని ఎవరూ పండుగ చేసుకోలేదు. కాప్టోప్రిల్ అనే రక్తపోటు మాత్ర, మూత్రంలో ప్రోటీన్ పోతున్న మధుమేహ రోగులలో మూత్రపిండాల క్షీణతను గణనీయంగా నెమ్మదింపజేస్తుందని అమెరికాలో జరిగిన అధ్యయనం ఒకటి నిరూపించింది. ఇన్సులిన్ మీద ఆధారపడే వారిలో ఆ అధ్యయనం జరిగింది. మిగతా మధుమేహ రోగులకూ ఆ కుటుంబపు మందులు మేలు చేస్తాయని తరువాత తేలింది. నా దృష్టిలో యంత్రం రాక కంటే ఈ మాత్ర రాకే పెద్ద మలుపు. కానీ మాత్ర పనిచేయాలంటే జబ్బు ముందుగా కనబడాలి. చిత్రమేమిటంటే, దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధిని అయిదు దశలుగా విభజించి, తొలిదశలోనే గుర్తించే పద్ధతి ప్రపంచానికి అందినది 2002లో. చివరి దశకు యంత్రం వచ్చిన దాదాపు అరవై ఏళ్లకు గానీ మొదటి దశకు ఒక పేరు రాలేదు!

ఆ ఆలస్యం నేటికీ మన ఇళ్లలో కొనసాగుతూనే ఉంది. నొప్పి ఉండదు, మూత్రం మామూలుగానే వస్తుంది. కాళ్లవాపు, ఆయాసం, వాంతులు వచ్చేసరికి చాలా భాగం పోయి ఉంటుంది. మోకాళ్ల నొప్పులకు దుకాణంలో అడిగి తెచ్చుకునే మాత్రలు ఈలోగా తమ వంతు హాని చేస్తుంటాయి. మధుమేహం గాని రక్తపోటు గాని ఉన్నవారు ఏడాదికి ఒకసారి చేయించుకోవలసినవి రెండే: రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్. మొదటిదానిని మాత్రమే చూసి తృప్తిపడవద్దు. అల్బుమిన్ అంతకంటే ముందే హెచ్చరించగలదు.

క్రియాటినిన్ అంకెను చదవడంలోనూ ఒక మెలిక ఉంది. 55 ఏళ్ల స్త్రీకి అది 0.8 ఉంటే వడపోత సామర్థ్యం నిమిషానికి సుమారు 87 మిల్లీలీటర్లు. అదే 1.2 అయితే సుమారు 53. మూడు నెలలకు పైగా 60 కంటే తక్కువగా ఉంటే అది మూడవ దశ వ్యాధి. అయినా కొన్ని ప్రయోగశాలల కాగితంపై ఆ రెండు అంకెలూ సాధారణ పరిమితిలోనే అచ్చవుతాయి. అందుచేత మీ పాత రిపోర్టులను పారవేయకండి. తేదీల వరుసన పేర్చి, ఈసారి వైద్యుని వద్దకు వెళ్లినప్పుడు ఆయన ముందుంచి, వడపోత సామర్థ్యం ఏయే ఏడు ఎంత ఉన్నదో లెక్క కట్టి చెప్పమని అడగండి.