కడెం గేట్ల లెక్క

ఉమ్మడి ఆదిలాబాద్‌లోని కడెం ప్రాజెక్టు అనగానే అందరూ 2022 జులై వరదనే తలచుకుంటారు. నాకైతే ఆ కథ 1958లో మొదలవుతుంది. ఆ ఆగస్టులో నీళ్ళు కట్ట మీంచి అడుగున్నర ఎత్తున పొర్లాయి. ఎడమ పక్క 137 మీటర్ల మేర గండి పడింది. తిరిగి కట్టినప్పుడు, ఉన్న 9 గేట్లకు ఇంకో 9 కలిపారు. అప్పటికి అది తెలివైన పనే.

ఆ 18 గేట్లూ ఎత్తితే పోయేది సుమారు 3 లక్షల క్యూసెక్కులు. 2022లో వచ్చింది 5 లక్షలు దాటింది. పైగా ఒక గేటు లేవనేలేదు. కింది ఊళ్ళను ఖాళీ చేయించారు. కట్ట ఎట్లా నిలబడిందంటే, అదృష్టమనే అనాలి. సరే, అరవై ఏళ్ళకోసారి వచ్చే వరద అనుకుందామంటే, మరుసటి జులైలోనే మళ్ళీ గేట్ల మీంచి నీళ్ళు దూకాయి.

ప్రతి వరదనూ వాతావరణ మార్పు ఖాతాలో రాయలేం. కానీ వేడెక్కిన గాలి ఎక్కువ తేమ మోస్తుంది, కుండపోతలు పెరుగుతాయి. పాత వానల లెక్కతో కట్టినవన్నీ మళ్ళీ చూసుకోక తప్పదు. 1958 తర్వాత ఇంజనీర్లు కొత్త గేట్లు పెట్టారు. 2022 తర్వాత, ఏడాది గడిచినా, ఉన్న గేట్లే కొన్ని లేవలేదు.