బాలింత విశ్రాంతికీ కులముంది

"మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి." ఈ సామెత మీరంతా వినే ఉంటారు. డిగ్రీ పిల్లలకి సామెతల పాఠం చెబుతూ ఓ రోజు దీన్ని బోర్డు మీద రాశాను. క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. మా అమ్మమ్మ మంత్రసాని. ప్రకాశం జిల్లాలో ఓ మాదిగపల్లె ఆమెది. ఊళ్ళో మూడు తరాల పిల్లల్ని పట్టిన చేతులు. ఆ "ఏదొచ్చినా" అన్న మాటలో ఏమేం ఉన్నాయో ఆమె మనవరాలిగా నాకు తెలుసు. నెత్తురు, మాయ, మలం, మైల. అవి ముట్టుకోవడానికి మా చేతులు కావాలి. పని అయిపోయాక ఆ చేతులు మళ్ళీ వాకిలి అవతలే ఉండాలి.

ఈ వారం రాస్తున్నది ఆ మంత్రసాని గురించి, బాలింత మనసు గురించి. ఈ రెండూ ఒకే చరిత్ర అని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఐదేళ్ళ కిందట నాకు పాప పుట్టింది. ఆపరేషన్ చేశారు. పదో రోజు నుంచి నాకు నిద్ర లేదు. పాప పడుకున్నా కన్ను మూతపడేది కాదు. పాలిస్తూ ఏడ్చేదాన్ని. నేను లేకపోతేనే దీని బతుకు బాగుంటుందేమో అనిపించేది. చెకప్‌కి వెళితే కుట్లు చూశారు, బీపీ చూశారు, పాపని తూచారు. "నువ్వెలా ఉన్నావమ్మా?" అని ఒక్కరూ అడగలేదు. తెలుగులో పీహెచ్‌డీ చేసిన నాకు ఆ బాధ చెప్పుకోవడానికి ఒక్క తెలుగు మాట దొరకలేదు. ఓ రాత్రి అమ్మ నా పక్కన కూర్చుని, "మీ అమ్మమ్మకి కూడా ఇట్టాగే అయింది" అంది.

మా చిన్నమ్మ పుట్టినప్పటి సంగతి. అప్పటికి అమ్మకి పదేళ్ళు. కాన్పయిన తొమ్మిదో రోజుకే అమ్మమ్మ నాట్లకి పోయింది. పోకపోతే పూట గడవదు. కొన్నాళ్ళకి మాట్లాడటం మానేసింది. బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తుంటే చూస్తూ ఉండేదట గానీ ఎత్తుకునేది కాదు. గాలి సోకిందన్నారు. వేపమండలు అయ్యాయి, తాయెత్తులు అయ్యాయి. పల్లెలో ఇద్దరు బాలింతలు వంతులేసుకుని చిన్నమ్మకి పాలిచ్చారు. ఒక ముసలామె రోజూ వచ్చి అమ్మమ్మకి నూనె రాసి, నీళ్ళు పోసి, గంజి తాగించి పక్కన కూర్చునేది. ఏమీ అడిగేది కాదట. మామూలు మనిషి కావడానికి అమ్మమ్మకి నాలుగు నెలలు పట్టింది. ఊళ్ళో అందరి పురుళ్ళూ పోసిన ఆడమనిషికి తన బాలింతతనం తొమ్మిది రోజులే.

ఇక్కడి నుంచి చరిత్రలోకి వద్దాం.

పురుడంటే మైల అని నమ్మిన సమాజం బొడ్డు కోసే పనిని చాలాచోట్ల దళిత ఆడవాళ్ళకో, మంగలి ఆడవాళ్ళకో అప్పజెప్పింది. కలిగిన ఇళ్ళలో బాలింతకి ప్రత్యేకంగా ఒక గది, పథ్యం, కాయం, పుట్టింట్లో నెలల తరబడి విశ్రాంతి. ఆ గదిలో ఆమె మనసు నలగలేదని నేననను. అంటూ ముట్టూ పేరుతో అదీ ఒక చెరే. కానీ ఒంటికి కాస్త విరామం దొరికింది. ఆ విరామాన్ని తన చేతులతో అమర్చిన మంత్రసానికి మాత్రం అది లేదు.

వైద్యశాస్త్రం ఈ బాధని పట్టించుకోకపోలేదు. 1858లోనే ఫ్రెంచ్ వైద్యుడు లూయీ విక్టర్ మార్సే గర్భిణుల, బాలింతల, పాలిచ్చే తల్లుల మానసిక వ్యాధుల మీద ఒక పూర్తి గ్రంథం అచ్చేశాడు. ఆ కాలపు బ్రిటన్‌లో మతి చలించిన బాలింతల్ని పిచ్చాసుపత్రుల్లో చేర్చేవాళ్ళు. వైద్యం పేరుతో తల్లినీ బిడ్డనీ విడదీసేవాళ్ళు. ఇంగ్లండ్‌లోని కాసెల్ ఆసుపత్రిలో థామస్ మెయిన్ అనే వైద్యుడు 1948లో తల్లిని బిడ్డతో సహా చేర్చుకోవడం మొదలుపెట్టాడు. మన దేశంలో తల్లీబిడ్డల్ని కలిపి చేర్చుకునే ప్రత్యేక విభాగం బెంగళూరు నిమ్హాన్స్‌లో 2009లో వచ్చింది. మార్సే పుస్తకానికీ దీనికీ మధ్య 151 ఏళ్ళు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్ ఇంకో అడుగు వేసింది. చికిత్స పొందుతున్న తల్లి నుంచి మూడేళ్ళలోపు బిడ్డని మామూలుగా విడదీయకూడదని చెప్పింది.

మంచి చట్టమే. కానీ ఆ సెక్షన్ ఆసుపత్రి మెట్లెక్కగలిగిన తల్లికి పనికొస్తుంది. కూలికి పోతే తప్ప కుండ పొయ్యి మీదకెక్కని తల్లి ఆ మెట్ల దాకా ఎలా వస్తుంది? ఈ ప్రశ్నే నన్ను అంబేద్కర్ దగ్గరికి తీసుకెళ్ళింది.

1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లు మీద చర్చ జరిగింది. బాబాసాహెబ్ బిల్లుని సమర్థిస్తూ మాట్లాడారు. కాన్పుకి ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం దేశ ప్రయోజనమనీ, కాబట్టి ఆ భారంలో ఎక్కువ భాగం ప్రభుత్వమే మోయాలనీ ఆయన వాదన. అప్పటికి రెండేళ్ళ కిందటే, 1926లో, ఆయన చిన్నకొడుకు రాజరత్న చనిపోయాడు. రమాబాయి కన్న ఐదుగురిలో నలుగురు పసితనంలోనే పోయారు. పురుటి మంచం పక్కన పేదరికం ఏం చేస్తుందో ఆయనకి పుస్తకాల్లో చదివి తెలుసుకోవాల్సిన పని లేదు. ఆ సభలో ఆయన మాట్లాడింది మానసిక వైద్యం గురించి కాదు. కానీ విశ్రాంతిని దయగా కాక హక్కుగా అడిగారు. బాలింత మనసు కుదుటపడటానికి తొలి మెట్టు అదే.

ఆ బిల్లు 1929లో చట్టమైంది, ఫ్యాక్టరీ కార్మికులకి. స్వతంత్రం తర్వాత 1961 చట్టం ఫ్యాక్టరీలకీ గనులకీ తోటలకీ, తర్వాత పదిమంది లేదా అంతకు పైగా పనిచేసే దుకాణాలకీ సంస్థలకీ వచ్చింది. 2017లో సెలవుని 26 వారాలకి పెంచారు. మరి కలుపు తీసే చేతులకి? మిరపకాయలు కోసే చేతులకి? 2013 ఆహార భద్రతా చట్టం ప్రతి గర్భిణికీ కనీసం 6,000 రూపాయలు ఇవ్వాలంది. 2017లో వచ్చిన కేంద్ర పథకం దాన్ని 5,000 చేసి, అదీ మొదటి బిడ్డకే అంది. తర్వాత రెండో కాన్పులో ఆడపిల్ల పుడితేనే మళ్ళీ ఇస్తామన్నారు. నాకు జీతంతో సెలవు దొరికింది. మా పల్లెలో నా ఈడు ఆడవాళ్ళకి ఇప్పటికీ దొరకలేదు.

ఇది మనసు సంగతి ఎలా అవుతుందని అడిగే మిత్రులకి ఒక లెక్క. 2002లో అచ్చయిన గోవా అధ్యయనంలో, కాన్పయిన ఆరు నుంచి ఎనిమిది వారాలకి 23 శాతం తల్లుల్లో డిప్రెషన్ కనిపించింది. పేదరికం, భర్తతో సరిపడని కాపురం, మగపిల్లాడి కోసం చూస్తే ఆడపిల్ల పుట్టడం దాన్ని పెంచేవాటిలో ఉన్నాయి. 2017లో దేశంలోని అధ్యయనాలన్నీ కలిపి చూసిన సమీక్షలో సగటు 22 శాతం. ఐదుగురిలో ఒకరికి పైగా. ఈ కారణాల్ని మన పల్లెల్లో పెట్టి చదవండి. కులం దానంతటదే కనిపిస్తుంది.

దీనికి పరిష్కారం ప్రతి మండలానికో సైకియాట్రిస్టు వచ్చేదాకా ఆగక్కర్లేదు. పాకిస్తాన్ పల్లెల్లో ఆతిఫ్ రహమాన్ బృందం ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తలకే శిక్షణ ఇచ్చింది. డిప్రెషన్‌లో ఉన్న గర్భిణుల ఇళ్ళకి వాళ్ళు వెళ్ళి, కూర్చుని, విని, ఒక పద్ధతి ప్రకారం మాట్లాడారు. బిడ్డ పుట్టిన ఆరు నెలలకి వాళ్ళలో 23 శాతం మందే ఇంకా డిప్రెషన్‌లో ఉన్నారు. ఈ శిక్షణ లేని చోట 53 శాతం. 2008లో లాన్సెట్‌లో వచ్చింది. చదువుతుంటే నాకు అమ్మమ్మ పక్కన కూర్చున్న ముసలామె గుర్తొచ్చింది.

ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం, తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మాట ఇది. మంత్రసాని కాలం పోవడం మంచిదే. తల్లుల ప్రాణాలు నిలుస్తున్నాయి, మన ఆడవాళ్ళకి ఆ మైల చాకిరీ తప్పింది. కానీ పక్కన కూర్చునే పనిని మాత్రం ఎవరికీ అప్పగించలేదు.

దారి ఇప్పటికే ఉంది. ఆసుపత్రి కాన్పు తర్వాత 42 రోజుల్లో ఆశా కార్యకర్త ఆరుసార్లు ఇంటికి రావాలి. బిడ్డ బరువు, జ్వరం చూస్తుంది. ఆ ఆరుసార్లలోనూ తల్లిని రెండు ప్రశ్నలు అడగాలి. "ఈమధ్య దిగులుగా, ఆశ లేనట్టుగా ఉంటోందా? ఇదివరకు ఇష్టమైన పనుల మీద కూడా మనసు పోవడం లేదా?" అవునంటే పీహెచ్‌సీలో వినే మనిషి ఉండాలి, జిల్లా ఆసుపత్రిలో మందు ఉండాలి. ఆ పనికి ఆశాకి శిక్షణ, జీతం రెండూ ఇవ్వాలి. కాగితాల మీద ఆమె ఇంకా వాలంటీరే. ఆశాల్లో మనవాళ్ళు ఎంతోమంది. "ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి" అని ఇంకో తరానికి చెప్పకండి.

విద్యార్థి మిత్రులకి ఒక మాట. మీ ఇంట్లో అక్క, వదిన, చెల్లి ఎవరైనా బాలింత ఉంటే ఆ రెండు ప్రశ్నలు మీరే అడగండి. టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళనైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. రోజుల తరబడి నిద్ర లేకుండా పొంతన లేని మాటలు మాట్లాడుతున్నా, తననో బిడ్డనో ఏదైనా చేసుకుంటానన్నా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. తాయెత్తు కట్టి ఆగొద్దు.

నన్ను అమ్మ తీసుకెళ్ళింది. పాలిచ్చే తల్లికి కూడా ఇవ్వగల మందులున్నాయని ఆ రోజే తెలిసింది. ఇవాళ నా కూతురు బడికి పోతోంది. ఆ ఏడాది నేను బతికింది సెలవు, జీతం, అమ్మ, డాక్టరు నలుగురూ ఉండబట్టి. అమ్మమ్మకి ఆ నలుగురిలో ఒక్కరూ లేరు. పల్లె మాత్రం ఉంది.

జై భీమ్.